‘తాగవచ్చు’ అని నేను రాయలేదు

తాగవచ్చు అని నేను రాయలేదు. ఈ మాట మా అన్నకు చెప్పాను, వదినకు చెప్పాను, హుస్నాబాద్‌లో వైన్స్ నడిపే మనిషికి చెప్పాను, పేపరు ఆఫీసులో డెస్కు మీద కూర్చున్న పెద్దమనిషికి చెప్పాను, ఆఖరికి మా ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. ఒక్కరు నమ్మితే ఒట్టు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఏదో పెళ్లిలో ఎవరో ఒకరు ఎదురుపడి, “మందు గుండెకు మంచిదని రాసింది మీరే గద మేడం” అంటారు, అదీ నవ్వుకుంటూ, మెచ్చుకోలుగా. నాకు ఒళ్లు మండిపోతుంది. మెచ్చుకునేవాళ్ల మీద ఇంతలా మండిపడే మనిషిని నేనొక్కదాన్నేనేమో.

తొంభైల మొదట్లో నేను కరీంనగర్‌లో జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. బాటనీ అంటే అందరికీ అలుసు. డాక్టరు సీటు కోసం చదివే పిల్లలు జువాలజీ క్లాసులో కప్పను కోస్తూ కళ్లు పెద్దవి చేసుకుంటారు, నా క్లాసుకు వచ్చి ఆకు చూపిస్తే ఆవలిస్తారు. ఈ అలుసు పోగొట్టాలని నాకొక పిచ్చి ఉండేది. అప్పుడే కాలేజీ లైబ్రరీకి వచ్చే ఒక ఇంగ్లీషు పత్రికలో చిన్న వార్త చూశాను. ఫ్రాన్సు వాళ్లు వెన్న, మాంసం దండిగా తిన్నా గుండె జబ్బులు తక్కువట. వాళ్లు తాగే ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచి దిగే రంగు పదార్థాలు ఉంటాయట, అవి రక్తనాళాల గోడలను కాపాడుతున్నాయేమోనని కొందరు శాస్త్రవేత్తలకు అనుమానమట. నాకు ఆ వైన్‌తో పనిలేదు. నాకు కావలసింది ఆ రంగు. ఎందుకంటే ఆ జాతి రంగు మన నేరేడు పండులో ఉంది, వంకాయ తొక్కలో ఉంది, ఎర్ర ఉల్లిగడ్డ పొరలో ఉంది, పుంటికూర, అదే గోంగూర, దాని ఎర్ర కాడలో ఉంది. ఇంత గొప్ప సంగతి మన కూరగాయల గంపలో ఉంటే ఆవలిస్తారా అనుకున్నాను.

ఒక రోజు పేపరు జిల్లా పేజీకి వ్యాసం రాసి పంపాను. ‘రంగులో ఏముంది’ అని పేరు పెట్టాను. ఆరు పేరాలు. నేరేడుకు ఒకటి, వంకాయకు ఒకటి, పుంటికూరకు ఒకటి, అలా. వైన్ గురించి ఒకే ఒక్క వాక్యం, అది కూడా ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశానో ఇప్పటికీ నోటికి వస్తుంది: “ఎర్ర ద్రాక్ష తొక్కలోని ఈ రంగు పదార్థాలు ఎర్ర వైన్‌లోకి కూడా దిగుతాయి, అవి రక్తనాళాలను కాపాడుతూ ఉండవచ్చునని కొందరు అనుకుంటున్నారు, ఇంకా తేలలేదు.”

పది రోజులకు అచ్చయింది. నేరేడు లేదు. వంకాయ లేదు. పుంటికూర మొత్తానికే లేదు. ఉన్నది ఆ ఒక్క వాక్యం, దాన్ని లాగి లాగి రెండు పేరాలు చేశారు. ‘ఇంకా తేలలేదు’ అన్న రెండు మాటలు ఎటు పోయాయో ఆ దేవుడికే తెలియాలి. పైన ఇంత లావు అక్షరాలతో హెడ్డింగు: “ఎర్ర వైన్ తాగవచ్చు! రక్తనాళాలకు రక్ష”. కింద నా పేరు, నా ఉద్యోగం. ఉండవచ్చు అని నేను రాస్తే తాగవచ్చు అయి కూర్చుంది. స్టాఫ్ రూములో అందరూ చాయ తెప్పించమని వెంటపడ్డారు. పేరు అచ్చులో చూసుకున్న సంబరంలో నేనూ ఆ రోజు పెద్దగా పట్టించుకోలేదు. అబద్ధమెందుకు, రెండు కాపీలు ఎక్కువ కొన్నాను.

అన్న గురించి చెప్పాలి. అన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం లొల్లి మొదలై బడులు మూతపడ్డప్పుడు ఆయన మెట్రిక్ చదువుతున్నాడు. ఆ ఏడే బాపు మంచం పట్టాడు. బడి మళ్లీ తెరిచేసరికి అన్న చేతిలో నాగలి ఉంది. అంతే, ఇక పుస్తకం ముట్టలేదు. అదే ఏడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని రెండు బస్సులు మారి బాసర తీసుకుపోయి, అమ్మవారి ముందు పలక మీద నా చేత అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే. నన్ను కరీంనగర్ హాస్టల్లో పెట్టి చదివించింది, ఇచ్చోడలో టీచరు ఉద్యోగం వస్తే ఆడపిల్ల అంత దూరమా అన్నవాళ్ల నోళ్లు మూయించి ట్రంకు పెట్టె మోసుకుని వచ్చి దింపి పోయింది, అంతా ఆయనే. తాను చదవలేని చదువు నేను చదివానని ఆయనకు నా మాట మీద ఒక గురి. నేను చెప్పానంటే దానికి తిరుగులేదు. ఆ గురే మా కొంప ముంచింది.

ఆయనకు తాగుడు అలవాటు. మార్కెట్ యార్డుకు పోయిన రోజు తాగకుండా ఇంటికి రాడు. వ్యాసానికి ముందటి చలికాలం యార్డులోనే, మక్కల కుప్ప పక్కన, ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. కరీంనగర్ తీసుకొస్తే డాక్టరు గుండె అన్నాడు. బీడీ బంద్, మందు బంద్, ఇంకోసారి ఇలా వస్తే నా చేతిలో ఉండదు అని మొహం మీదే చెప్పాడు. అన్నకు నలభై ఏళ్లు అప్పటికి. వదిన బాసర పోయి మొక్కుకుని వచ్చింది. ఆ రోజు నుంచి నాలుగు నెలలు అన్న సీసా ముట్టలేదు. వదిన ఆయన వెంట యార్డు దాకా పోయి, ఆయన పని అయ్యేదాకా కూర్చుని, వెంటబెట్టుకుని వచ్చేది. ఊరంతా నవ్వినా లెక్కచేయలేదు.

వ్యాసం అచ్చయిన తర్వాతి ఆదివారం అన్న మా ఇంటికి వచ్చాడు. సంచిలో పుంటికూర, రెండు సొరకాయలు, వాటి కింద పేపర్లో చుట్టిన సీసా. జేబులోంచి కత్తిరించిన వ్యాసం తీసి మంచం మీద పరిచాడు.

“చెల్లె, నీ పేరు పేపర్ల పడ్డది. యార్డుల అందరికి సూపిచ్చిన. తూకమేసే దడువాయి గూడ పైకి సదివిండు.”

“అన్నా, గా సీసా ఏంది?”

“నువ్వు రాసిందే. ఎర్రది. రోజుకు జరంత, పండేముందు. ఎక్కువ తాగుతలేను, నీ మీదొట్టు.”

పేపరు విప్పి చూస్తే బ్రాందీ.

“అన్నా, గిది బ్రాందీ! నేను రాసింది వైన్.”

“వైన్స్‌లనే తెచ్చిన.”

“వైన్ వేరు, బ్రాందీ వేరు.”

“మరి దుకాణం మీద వైన్స్ అని ఎందుకు రాసిండ్రు?”

ఈ ప్రశ్న ఆ బోర్డు రాసినవాణ్ణి అడగాలి. అన్న నన్ను ఓదార్చినట్టే మాట్లాడాడు. “నువ్వు పరేషాన్ గాకు. తెల్లది బందు వెట్టిన. సారా ముడుతలేను. ఎర్రగుంటెనే తాగుతున్న. డాక్టరుకేం తెలుసు, ఆయిన ఇంగ్లీషు పుస్తకాలు ఎప్పుడో సదివిండు. నువ్వు మొన్న సదివినవ్.” నేను అరిచాను, బతిమాలాను, సీసా లాక్కుని మోరీలో పోశాను. ఆయన పోతున్నప్పుడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను పారబోసినందుకు కాదు, నేను రాసిన మాట నేనే కాదంటున్నానని.

తర్వాతి శనివారం అన్న వాళ్ల ఊరు హుస్నాబాద్ పోయాను. వదిన వాకిట్లో మక్కలు ఆరబోస్తోంది. నన్ను చూసి చేట కింద పెట్టింది.

“రా, లెక్చరరమ్మా. నాలుగు నెలలు కావలి గాసిన. నువ్వు నాలుగు అక్షరాలతోని తెర్లు జేసినవ్.”

“వదినా, తాగవచ్చు అని నేను రాయలే.”

“మరి నీ పేరెందుకున్నది? నీ పేరు దొంగలెత్తుకపోయి రాసుకున్నరా?”

“ఉండవచ్చు అని రాసిన. ఆళ్లు మార్చిండ్రు.”

“గాదానికి, దీనికి ఏం ఫరకున్నది? ఎందుకు తాగుతున్నవయ్యా అంటే గుండెకట! తాటిచెట్టు ఎందుకెక్కినవ్‌రా అంటే దూడగడ్డికి అన్నట్టు. నేనేమన్న అంటే, మా చెల్లె కంటె నీకెక్కువ తెలుసా అంటడు. నేను సదువుకోలే, నా నోరు మూసిండు.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ గొంతు మాత్రం తగ్గలేదు. “బాసరల నీతోని అక్షరం దిద్దిచ్చిందే మీ అన్న. గా అక్షరమే ఆయిన మీదికొచ్చింది.”

ఈ మాట పుండు మీద కారం చల్లినట్టు తగిలింది. అప్పటికప్పుడు చెప్పులేసుకుని బస్టాండు దగ్గరి వైన్స్‌కు పోయాను. ఆడవాళ్లు ఆ దుకాణం ముందు నిలబడితే ఎలా చూస్తారో నాకు తెలుసు, చూడనీ అనుకున్నాను. పోయి చూస్తే, కౌంటరు మీది ఇనుప జాలీకి, లోపల లైటు పడే చోట, నా వ్యాసం. అట్ట ముక్కకు అంటించి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి మరీ పెట్టాడు, వానకు తడవకుండా. నా పేరు కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత.

దుకాణదారు నన్ను పోల్చుకుని లేచి నిలబడ్డాడు. “మేడం, మీరేనా? కూసోండ్రి. కూల్‌డ్రింక్ తెప్పిస్త.”

“ముందు అది తియ్యి.”

“అయ్యో, మంచి మాట రాసిండ్రు మేడం. రోజు పది మంది సదువుతుండ్రు.”

నాకు పట్టరాని కోపం వచ్చింది. “సరే. నాకు వైన్ కావాలె. ఇయ్యి.”

“ఏది మేడం? బ్రాందీ ఉన్నది, విస్కీ ఉన్నది, రమ్మున్నది.”

“వైన్.”

“గదే మేడం. అన్ని వైన్సే.”

“ద్రాక్షపండ్లతోని చేసేది. ఎర్రది. వైన్.”

ఆయన వెనక్కి తిరిగి అరలన్నీ ఒకసారి చూశాడు, నిజంగానే వెతికాడు పాపం. “గసుంటిది మనకాడికి రాదు మేడం,” అన్నాడు. వైన్స్‌లో వైన్ లేదు. ఆ బోర్డు కింద పెద్ద అక్షరాలతో ఈ మాట రాయించాలనిపించింది. అట్ట ముక్క పీకి, నాలుగు ముక్కలు చేసి, వచ్చేశాను. మరుసటి వారం వదిన కబురు పంపింది: ఆయన దగ్గర ఇంకో కాపీ ఉందట, మళ్లీ పెట్టాడట, ఈసారి జాలీకి లోపలి వైపు.

ఇక లాభం లేదని పేపరు ఆఫీసుకు పోయాను. డెస్కు మీది పెద్దమనిషి నెమ్మదైన మనిషి, తెలుగు మీద ప్రేమ ఉన్న మనిషి, అదే నా ఖర్మ. నేను చెప్పిందంతా విని, “తప్పు ఎక్కడ వచ్చిందో అర్థమైందండీ. వైన్ అన్న ఇంగ్లీషు మాట వాడడం వల్ల వచ్చింది. చక్కగా తెలుగులో రాస్తే గందరగోళం ఉండదు,” అన్నాడు. అది కాదండీ, తాగవచ్చు అన్నది తీసేయండి, ఇంకా తేలలేదు అన్నది వేయండి అని మొత్తుకున్నాను. రాసుకున్నాడు. తల ఊపాడు. మూడో రోజు పేపర్లో ఒక మూల, సంతాప ప్రకటన పక్కన, వేలెడంత పెట్టెలో పడింది: “సవరణ: ఫలానా వ్యాసంలో ‘ఎర్ర వైన్’ అని ఉన్నచోట ‘ఎర్ర ద్రాక్ష సారాయి’ అని చదువుకోగలరు.”

సారాయి!

ఊళ్లలో ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని సారా దుకాణాలు మూయిస్తున్న రోజులవి. వదిన కూడా వాళ్ల వాడ ఆడవాళ్లతో కలిసి పోయి ఒకసారి సారా కుండలు పగలగొట్టి వచ్చింది. ఆ రోజుల్లో, నా పేరు మీద, సారాయి. వైన్ అంటే బ్రాందీ అనుకున్న అన్న ఇప్పుడు ఏమనుకుంటాడో ఎవరైనా చెప్పగలరు. ఆయన వచ్చి నాతో అన్న మాట ఇది: “చెల్లె, నువ్వు మొన్న ఎర్రదే అన్నవని సారా బందు వెడితి. ఇప్పుడు గదీ తాగచ్చని వేసినవ్ గద. ఏదో ఒకటి ఖాయం జెయ్యి.” గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. మా ప్రిన్సిపాల్ పిలిచి, ప్రభుత్వ ఉద్యోగి అయివుండి ఇలాంటివి రాయడం బాగుంటుందా అని సంజాయిషీ రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. అందులో మొదటి వాక్యం, తాగవచ్చు అని నేను రాయలేదు.

మాటలతో లాభం లేదు, కళ్లకు చూపించాలి అనుకున్నాను. ఇచ్చోడలో ఉన్నప్పుడు మా పక్కింటి ముసలమ్మ హోలీకి మోదుగుపూలు ఉడకబెట్టి, ఆ నీళ్లలో చిటికెడు సున్నం వేసేది. రంగు ఒక్కసారిగా చిక్కబడి మండేది. పూల రంగు సున్నానికి పలుకుతుంది బిడ్డా, అనేది. అది గుర్తొచ్చింది. నేరేళ్లు పండే దాకా ఆగాను. తొలి వానలు పడగానే ఒక గంప నేరేళ్లు కొనుక్కుని హుస్నాబాద్ పోయాను.

అన్న అరుగు మీద ఉన్నాడు. పక్కన తమలపాకులు, ఆయన సున్నపుకాయ. లోపలికి పోయి ఆయన దాచుకున్న సీసా నేనే తెచ్చాను. ఎక్కడ దాస్తాడో వదినకు తెలుసు. రెండు గాజు గిలాసలు పెట్టాను. ఒకదాంట్లో నేరేళ్లు పిసికి రసం తీసి నీళ్లు కలిపాను. ఇంకోదాంట్లో ఆయన బ్రాందీ.

“సూడన్నా. గిది నేను రాసిన రంగు. పండు తొక్కది. గిది నువ్వు తాగే రంగు. నీ సున్నం నువ్వే తీసుకో, రెండిట్ల ఎయ్యి.”

అన్న వేలితో సున్నం తీసి నేరేడు రసంలో కలిపాడు. ఊదారంగు రసం చూస్తుండగానే నీలంగా మారి, తర్వాత పచ్చగా తిరిగింది. అన్న గిలాస ఎత్తి ఎండకు పట్టుకున్నాడు. “అరే! గిదేందే? గిదెట్లయింది?” మెట్రిక్ పరీక్ష రాయాల్సిన పిల్లాడి ముఖం అది. నా క్లాసులో ఏ పిల్లాడూ అలా చూడలేదు. వదిన కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

“ఇప్పుడు గదాంట్ల ఎయ్యి.”

బ్రాందీలో వేశాడు. జర మబ్బు పట్టింది, అంతే. గోధుమరంగు గోధుమరంగే.

“సూసినవా? అండ్ల పండు రంగు లేదు. మాడవెట్టిన సక్కెర రంగు. పాకం మాడుతే ఎట్లుంటది, గట్ల. నీ నరాలను కాపాడేటిది అండ్ల సుక్క గూడ లేదు.”

“లేదా?”

“లేదు.”

అన్న చాలాసేపు రెండు గిలాసలూ చూశాడు. నేను గెలిచాననుకున్నాను. వదిన నా వైపు చూసి మొదటిసారి కళ్లతో నవ్వింది. అప్పుడు అన్న అడిగాడు, ఎంతో మర్యాదగా, విద్యార్థి సారును అడిగినట్టు:

“అయితే చెల్లె, నేరేళ్లు తినుకుంట తాగచ్చా?”

నాకు ఏమైందో తెలియదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇన్ని నెలలూ ఊదానా అనిపించింది. “తాగచ్చు, తాగచ్చు! ఎవడు చెప్పిండు నీకు తాగచ్చని? వచ్చు అంటె అనుమానమన్నా, అనుమతి గాదు! ఉండచ్చు, ఉండకపోవచ్చు, తెల్వదు, గది దాని మతలబు!” అని కేకలు పెట్టాను.

అన్నకు కూడా కోపం వచ్చింది. నా మీద ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి ఎత్తాడు. “అనుమానమా? అరవై తొమ్మిదిల మా సారు గేటు కాడ నిలవడి, ‘ఇగ మీరు ఇండ్లకు పోవచ్చు’ అన్నడు. అనుమానంగ అన్నడా? పోయిన. మళ్ల రాలే. గప్పుడు అనుమతి అయిన మాట, ఇప్పుడు నీకు అనుమానమెట్లయింది?”

బదులు చెప్పలేకపోవడంతోనే కోపం ఇంకా పెరిగింది. చేతికందిన బ్రాందీ గిలాస వాకిట్లోకి విసిరేశాను. “అయితే తాగి సావు!” అన్నాను. బస్సెక్కాను. వదిన గడప దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ మాట ఎందుకన్నాను అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషిని సావు అన్నాను. ఉత్తరం రాద్దామని కూర్చునేదాన్ని, రాసేదాన్ని, చించేదాన్ని. నా రాతల మీద నాకే నమ్మకం పోయింది. ఏది రాసినా ఎవడో ఒకడు దాన్ని ఇంకోలా అచ్చేస్తాడనిపించేది.

మూడు వారాలకు, పొద్దున మొదటి పీరియడ్‌లో, అటెండరు వచ్చి ఫోను అన్నాడు. హుస్నాబాద్‌లో ఎస్టీడీ బూత్ నుంచి ఎవరో చేశారు: మీ అన్నకు మళ్లీ నొప్పి వచ్చింది, జీపులో తెస్తున్నారు. చేతిలో చాక్‌పీసు అలాగే పట్టుకుని దవాఖానకు పోయాను. జీపు వచ్చింది. వదిన ఒళ్లో అన్న తల. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూశాడో లేదో తెలియదు. లోపలికి తీసుకుపోయారు.

బయట బల్ల మీద వదిన, నేను. ఆమే చెప్పింది. “నువ్వు పొయ్యిన్నాటి సంది ముట్టలే. సీసా తీస్కపొయ్యి పెంటకుప్పల పారేసిండు. మా చెల్లెకు అంత కోపమొచ్చిందంటె అండ్ల నిజంగ ఏం లేనట్టే అన్నడు. నేరేళ్లు తిన్నడు గంపెడు.” నేను ఏడ్చాను. ఇన్నేళ్లుగా తాగినది, కాల్చినది మూడు వారాల్లో పోతుందా? నేరేడు పండు రంగు మూడు వారాల్లో నరాలు బాగుచేస్తుందా? నాకు తెలుసు, చేయదు. తెలిసి కూడా చేసి ఉండవచ్చు అనుకున్నాను. ఆ వచ్చును పట్టుకునే కూర్చున్నాను.

పదకొండు గంటలకు డాక్టరు బయటికి వచ్చాడు, మొదటిసారి చూసిన డాక్టరే. నన్ను గుర్తుపట్టాడు. వ్యాసం చదివాడని ఆయన చూపులోనే తెలిసింది. చేతులు తుడుచుకుంటూ, “బతకవచ్చు,” అని ఒక్క మాట అని పక్క గదిలోకి పోయాడు.

ఆ మాటకు అర్థం నాకంటే బాగా ఎవరికి తెలుసు? బతకవచ్చు, బతకకపోవచ్చు, ఇంకా తేలలేదు. అదే అచ్చంగా నేను నెలల తరబడి అందరికీ నేర్పబోయిన అర్థం. వదిన నా ముఖం చూసింది, డాక్టరు పోయిన తలుపు చూసింది. లేచి కొంగు దోపుకుంది. నర్సు ఆగమన్నా ఆగకుండా లోపలికి నడిచింది. నేను వెనకే పోయాను.

వదిన అన్న మంచం మీదికి వంగి, వాకిట్లో నుంచి పొలంలో ఉన్న మనిషికి వినపడేంత గట్టిగా చెప్పింది: “ఇగో, ఇంటున్నవా? డాక్టరు సారు బతకచ్చన్నడు. ఇంకెవల్ని అడిగేది లేదు. బతుకు!”

అన్న తొమ్మిదో రోజు ఇంటికి పోయాడు, ఆ తర్వాత గిలాస ముట్టలేదు, ఇదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం మాలో ఎవరికీ ఏదీ తెలియదు. అన్న కళ్లు తెరిచాడు. వదినను కాదు, నన్ను వెతికాడు. దగ్గరికి పోయి చెవి పెట్టాను. మాట రావడానికి ఎంతో సేపు పట్టింది.

“చెల్లె... గిది అనుమానమా?”

“కాదన్నా,” అన్నాను. “అనుమతే.”